కామెంట్లలో స్పెల్లింగ్ దిద్దితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది పుత్తూరు. పెళ్ళిపత్రికలు వేసే చిన్న ప్రెస్సు ఉంది. మా పాప తిరుపతిలో బీటెక్ కంప్యూటర్స్ రెండో సంవత్సరం. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆరు నెలలుగా సెలవుల్లో కూడా ఎవరివో ప్రోగ్రాముల్లోని కామెంట్లలో స్పెల్లింగ్ తప్పులు దిద్ది పంపిస్తోంది. పైసా రాదు. కోడింగ్ నేర్చుకోకుండా ఇదేం పని అని మా బావమరిది రోజూ అంటున్నాడు. మాన్పించమంటారా?

జవాబు: మాన్పించొద్దండీ. కానీ ఇక్కడే ఆగిపోనివ్వొద్దు.

కామెంటు అంటే ప్రోగ్రాము మధ్యలో మనుషుల కోసం రాసుకునే మాట. కంప్యూటర్ దాన్ని పట్టించుకోదు. మీరు ప్రూఫు అంచున పెన్సిల్‌తో ‘ఇక్కడ బంగారు ఇంకు’ అని రాసుకుంటారే, అలాంటిది. అది కార్డు మీద అచ్చుకాదు. కానీ తప్పు రాస్తే రేపు మిషను దగ్గర నిలబడే కుర్రాడు తప్పే చేస్తాడు.

పాప దిద్దేది ఒక్క అక్షరమే కావచ్చు. ఆ అక్షరం అవతలికి చేరాలంటే కోడు పెట్టి పంచుకునే గిట్‌హబ్ అనే వెబ్‌సైటులో ఆ ప్రాజెక్టును ఫోర్క్ చేసుకోవాలి, అంటే తనకంటూ ఒక ప్రతి తీసుకోవాలి. అందులో మార్పు కోసం వేరే బ్రాంచ్ అంటే పక్క దారి తెరవాలి, మార్చింది ఏమిటో ఒక వాక్యంలో కమిట్ మెసేజ్‌గా రాయాలి, ఈ మార్పు తీసుకోండి అని పుల్ రిక్వెస్ట్ పెట్టాలి. అవతల ఏ దేశంలోనో ఉన్న మెయింటెయినర్, అంటే ఆ ప్రాజెక్టును చూసుకునే మనిషి, ‘మెసేజ్ మా పద్ధతిలో లేదు, మళ్ళీ రాయి’ అంటాడు. పాప మళ్ళీ రాసి పంపాలి. ఉద్యోగంలో చేరాక రోజూ జరిగేది ఇదే. నా దగ్గరికి వచ్చే ఫైనలియర్ పిల్లల్లో చాలామంది ఇప్పటికీ ప్రాజెక్టును జిప్ చేసి వాట్సాప్‌లో పంపుకుంటున్నారు. మీ పాప రెండో ఏడాదిలోనే ఆ గడప దాటింది.

స్పెల్లింగ్ అంటే చిన్నచూపు వద్దు. లక్షల లైన్ల కోడులో ఎవరైనా ఒక మాట కోసం వెతికితే, తప్పుగా రాసిన చోటు దొరకదు. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను రాసేవాళ్ళు, జనం తరచూ చేసే తప్పులనూ వాటి సరైన రూపాలనూ ఒక ఫైలుగా కోడుతో పాటే పెట్టుకున్నారు. కొత్తగా వచ్చే మార్పును వాళ్ళ తనిఖీ స్క్రిప్టు ఆ జాబితాతో పోల్చి చూస్తుంది.

వెబ్ బ్రౌజర్లకు సంబంధించిన ఒక తప్పు మరీ ప్రసిద్ధం. మనం ఏ పేజీ నుంచి వచ్చామో సర్వర్‌కు చెప్పే ‘రెఫరర్’ అనే హెడర్ (బ్రౌజర్ పంపే కబురు పైన ఉండే లైను) పేరు మధ్యలో రెండు ‘ఆర్’లు పడాలి. ఒకటే పడింది. బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే నియమాలు చెప్పే, 1996లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.0 పత్రంలో అలాగే అచ్చయింది. అప్పటికే ప్రోగ్రాములన్నీ దాన్నే వాడుతున్నాయి కాబట్టి నేటికీ తప్పు రూపమే చెల్లుతోంది. కార్డులు పంచేశాక పెళ్ళికొడుకు పేరులో తప్పు కనపడితే ఏం చేస్తామండీ, అంతే.

అందుకే పాపకు ఒక జాగ్రత్త గట్టిగా చెప్పండి. కామెంటులో తప్పు దిద్దవచ్చు. కంప్యూటర్ చదివే కోడులో, అంటే వేరియబుల్ పేరులోనో ఫంక్షన్ పేరులోనో తప్పు కనపడితే మెయింటెయినర్‌ను అడగకుండా చెయ్యి పెట్టకూడదు. దాన్ని నమ్ముకున్న వేరే ప్రోగ్రాములు విరిగిపోతాయి. కోడులో స్పెల్లింగ్ తప్పులు వెతికే కోడ్‌స్పెల్ లాంటి టూల్ చూపించినదంతా కళ్ళు మూసుకుని మార్చడమూ తప్పే. ‘కలర్’ మాటలో ‘యు’ ఉండటం బ్రిటిష్ పద్ధతి, తప్పు కాదు. వేరే ప్రాజెక్టు నుంచి తెచ్చిపెట్టుకున్న ఫైలైతే అసలు చోటే దిద్దాలి, లేకపోతే మరుసటి అప్‌డేట్‌తో తప్పు తిరిగొస్తుంది.

లెక్క పెంచుకునే పిచ్చి కూడా పట్టకూడదు. ఇలాంటి పనిని ప్రోత్సహించడానికి ఏటా అక్టోబరులో జరిగే హాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో, నాలుగు పుల్ రిక్వెస్టులకు టీషర్టు ఇస్తారని ఎంతోమంది అవసరం లేని మాటలు చేర్చి పంపారు. మెయింటెయినర్లు అల్లాడిపోయారు. ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకే లెక్క అని నిబంధనను అది నడుస్తుండగానే మార్చాల్సి వచ్చింది. మనవైపు పిల్లలకు ఇంగ్లిష్ రాదనే మాట ఎలాగూ ఉంది, ఈ చెడ్డపేరు కూడా ఎందుకు?

ఇప్పుడు పాప చేయాల్సింది, కామెంటు కింద ఉన్న కోడు చదవడం. కామెంటులో ‘ముప్పై సెకన్లు ఆగు’ అని ఉండి, కింద అరవై అని ఉంటుంది. ఆ తేడా ఏ స్పెల్లింగ్ టూలూ పట్టుకోలేదు, కోడు అర్థమైన మనిషే పట్టుకోవాలి. తర్వాత ఇన్‌స్టలేషన్ సూచనలు తన ల్యాప్‌టాప్‌లో ఒక్కొక్కటే చేసి చూడమనండి. ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో కనుక్కుని రాస్తే అది విలువైన పని. ఆ దారిలోనే కోడు సరిగ్గా నడుస్తోందో చూసే ఒక చిన్న టెస్టు రాయడం, ఒక చిన్న బగ్గు (కోడులోని తప్పు) దిద్దడం వస్తాయి. పది ప్రాజెక్టులు తిరగకుండా ఒకటి రెండింటిలో నిలకడగా ఉండాలి. ఇలాంటి ప్రాజెక్టుల్లో కొత్తవాళ్ళతో పని చేయించే, 2005 నుంచి నడుస్తున్న గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అనే కార్యక్రమానికి దరఖాస్తు చేసేనాటికి ఆ ప్రాజెక్టువాళ్ళకు పాప పేరు తెలిసి ఉంటే మంచిది. అందులో స్టయిపెండ్ కూడా ఉంటుంది.

మీ బావమరిది మాటలోనూ సగం నిజముంది. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు ముందు ఆప్టిట్యూడ్, కోడింగ్ పరీక్షలు పెడతాయి. అక్కడ కామెంట్ల పని అడగరు. రోజుకు గంటన్నర ఆ పరీక్షల్లో అడిగే డేటా స్ట్రక్చర్లకు (సమాచారాన్ని కోడులో అమర్చే పద్ధతులకు) తీసిపెట్టి, ఈ పనిని శని, ఆదివారాలకు మార్చుకోమనండి. రాయడమే ఇష్టమైతే సాఫ్ట్‌వేర్ వాడకం వివరాలు రాసే టెక్నికల్ రైటర్ అనే ఉద్యోగమూ ఉంది, కాకపోతే ఫ్రెషర్లకు అందులో ఖాళీలు తక్కువ.

ఈసారి పాప ఇంటికి వచ్చినప్పుడు తను పంపిన మార్పుల్లో మెయింటెయినర్ తిప్పి పంపినది ఒకటి తెరిచి చూపించమనండి. ఏం తప్పన్నారు, తను ఏం మార్చింది అని అడగండి. ప్రూఫులు దిద్దే చెయ్యి మీది, మీకు అర్థమవుతుంది. ఆ కథను తడుముకోకుండా చెప్పగలిగితే రెజ్యూమెలో ఆ ఒక్క లింకు పెట్టమనండి, చాలు.