ఆ సీసా మూత తీయకముందే

బుజ్జీ,

పెద్దమ్మ ఆశీస్సులు. రాత్రి ఫోన్లో నీతో మాట్లాడాక నిద్ర పట్టలేదు. నువ్వు కంగారుగా అడిగావు, నేను కంగారుగానే ఏదో చెప్పాను. సగం మాటలు గొంతులోనే ఉండిపోయాయి. అందుకే పొద్దున్నే రాయడానికి కూర్చున్నాను.

నెలసరికి వారం ముందు నుంచి రెండు రొమ్ములూ బరువెక్కుతున్నాయన్నావు. తాకితే చాలు నొప్పిగా ఉంటోందన్నావు. ఎడమ వైపు చంకకి దగ్గరగా గోలీకాయంత ఏదో చేతికి తగులుతోందని కూడా అన్నావు. ఇదంతా అయోడిన్ తక్కువై వస్తుందనీ, రోజూ చుక్కలు వేసుకుంటే పోతుందనీ ఎవరో చెప్పారు, నువ్వు సీసా తెప్పించుకున్నావు. మూత ఇంకా తీయలేదన్నావు చూడు, ఆ ఒక్క మాటకి నా ప్రాణం కుదుటపడింది. తీయకు. ముందు ఇది చదువు.

నీకు ఆ సలహా చెప్పినవాళ్లు లేనిది కల్పించి చెప్పలేదు. రొమ్ముకీ అయోడిన్‌కీ సంబంధం నిజంగానే ఉంది. మనం తినే అయోడిన్ ఎక్కువగా మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథికి చేరుతుందని నీకు తెలుసు. రక్తంలోంచి దాన్ని పట్టి కణాల్లోకి లాగడానికి ఒక ప్రోటీన్ ఉంటుంది. దాని జన్యువును 1996లో గుర్తించారు. ఆ ప్రోటీన్ ఒక్క థైరాయిడ్‌లోనే ఉండదు. బిడ్డకి పాలిచ్చే రోజుల్లో రొమ్ములో కూడా పుట్టుకొచ్చి, తల్లి రక్తంలోని అయోడిన్‌ని పాలలోకి పంపుతుంది. పసిబిడ్డ థైరాయిడ్‌కి కావలసిన సరుకు ఆ పాల నుంచే రావాలి కదా. మామూలుగా రోజుకి 150 మైక్రోగ్రాములు చాలు అనే అమెరికా లెక్కే, పాలిచ్చే తల్లికి 290 కావాలని చెబుతుంది. ఇన్నేళ్లు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసినా, ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు అలాగే ఉండిపోయాను. పాలు రావడం మాత్రమే తెలిసిన నాకు, ఆ పాల వెనక ఇంత ఏర్పాటు ఉందని అప్పుడే తెలిసింది.

2000లో ఇంకో పరిశోధన వచ్చింది. రొమ్ము క్యాన్సర్ గడ్డల ముక్కలు పరీక్షిస్తే, పదింటిలో ఎనిమిదికి పైగా గడ్డల్లో ఇదే ప్రోటీన్ కనిపించింది. దీన్ని పట్టుకునే చాలామంది "చూశారా, రొమ్ము అయోడిన్ కోసం అలమటిస్తోంది" అంటారు. ఆ శాస్త్రవేత్తల ఆలోచన అది కాదు. థైరాయిడ్ క్యాన్సర్‌కి రేడియోధార్మిక అయోడిన్ ఇచ్చి కణాలను చంపినట్టు, ఇక్కడా అదే దారిలో మందు పంపవచ్చా అని వాళ్లు చూశారు. పైగా చాలా గడ్డల్లో ఆ ప్రోటీన్ కణం అంచున ఉండి పనిచేయదు, లోపలే చిక్కుకుని ఉంటుంది. అది ఉన్నంత మాత్రాన చుక్కలు తాగితే గడ్డ కరుగుతుందని కాదు.

జపాన్ మాట కూడా నీ చెవిన పడే ఉంటుంది. అక్కడివాళ్లు సముద్రపు నాచు ఎక్కువ తింటారు, అందులో అయోడిన్ చాలా ఉంటుంది, చాలాకాలం అక్కడ రొమ్ము క్యాన్సర్ తక్కువగా ఉండేది. అక్కడి నుంచి అమెరికా వెళ్లిన కుటుంబాల్లో తరాలు మారేకొద్దీ ఆ జబ్బు పెరిగింది. ఇవన్నీ నిజాలే. కానీ దేశం మారినప్పుడు మారేది నాచు ఒక్కటేనా చెప్పు? బరువు మారుతుంది, మద్యం మారుతుంది, ఆడపిల్ల మొదట పెద్దమనిషయ్యే వయసు మారుతుంది, ఎంతమంది బిడ్డల్ని ఏ వయసులో కన్నారన్నది మారుతుంది. ఇందులో ఏది కారణమో నాచు ఒక్కదాన్ని చూపించి తేల్చలేం. ఎలుకల్లో అయోడిన్ తగ్గిస్తే రొమ్ము కణజాలం మారడం చూశారు, అది కూడా నిజమే. రొమ్ము క్యాన్సర్ రాకుండా అయోడిన్ ఆపుతుందని మనుషుల మీద జరిగిన ఏ పెద్ద పరీక్షా తేల్చలేదు.

మరి నొప్పికి? ఇక్కడ మాత్రం కొంచెం ఆశ ఉంది. నెలసరితో పాటు వచ్చే రొమ్ము నొప్పి ఉన్న 111 మంది ఆడవాళ్ల మీద చేసిన ఒక పరీక్ష 2004లో అచ్చయింది. కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు, మిగతావాళ్లకి రోజుకి ఒకటిన్నర, మూడు, ఆరు మిల్లీగ్రాముల చొప్పున అయోడిన్ ఇచ్చారు. ఆరు నెలలయ్యాక ఆరు మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లలో సగానికి పైగా నొప్పి బాగా తగ్గిందని చెప్పారు. అంతకుముందు 1993లో కెనడా నుంచి వచ్చిన పరిశోధన కూడా ఇదే దారిలో ఉంది.

ఇది చదివితే సీసా మూత తీయాలనే అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కాస్త ఆగి లెక్క చూడు. ఆరు మిల్లీగ్రాములంటే ఆరు వేల మైక్రోగ్రాములు. మన రోజు అవసరం 150. అంటే 40 రెట్లు. పెద్దవాళ్లు రోజుకి దాటకూడని హద్దు అమెరికాలో 1,100, ఐరోపాలో 600. ఆ పరీక్షలో పాల్గొన్నవాళ్లని డాక్టర్లు దగ్గరుండి గమనించారు. నీ దగ్గరున్నది, నువ్వు చెప్పిన పేరు బట్టి, లూగోల్ ద్రావణం. అది అయోడిన్, పొటాషియం అయొడైడ్ కలిపిన నీళ్లు. ఐదు శాతం ద్రావణం అయితే ఒక్క చుక్కలోనే ఆరు మిల్లీగ్రాముల పైన ఉంటుంది. నీకు చెప్పినవాళ్లు రోజుకి ఎన్ని వేసుకోమన్నారు? నాలుగు. 160 రెట్లకు పైన తల్లీ.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. నలభై మూడో ఏట నాకూ ఇదే నొప్పి ఉండేది. స్కానింగ్ చేయించుకుంటే నీటితిత్తులు, ప్రమాదం లేదన్నారు. అయినా నొప్పి వదల్లేదు. తోటి నర్సు ఒకామె చెబితే ఇవే చుక్కలు మొదలుపెట్టాను. డాక్టర్‌ని అడగలేదు. నాకు తెలియనిదేముందిలే అనుకున్నాను. రెండు నెలలకి నొప్పి తగ్గినట్టే ఉంది, ఎంత సంబరపడ్డానో. ఐదో నెలకి మెట్లెక్కలేకపోయేదాన్ని. దువ్వెన నిండా జుట్టు వచ్చేది. డ్యూటీలో కూర్చున్నచోటే కళ్లు మూతలు పడేవి. ఒకరోజు ఒక రోగి మందు చీటీ రెండుసార్లు చదివినా బుర్రకెక్కలేదు, ఆ రోజు నిజంగా భయపడ్డాను. రక్తపరీక్ష చేయిస్తే టి.ఎస్.హెచ్. (థైరాయిడ్‌ని పనిచేయమని చెప్పే హార్మోన్, గ్రంథి మందగిస్తే ఇది పెరుగుతుంది) బాగా పెరిగిపోయి ఉంది. థైరాయిడ్ మీద నా ఒంటి రోగనిరోధక శక్తే దాడి చేసే హాషిమోటో జబ్బు నాకు ముందే ఉందట, లోపల నిద్రపోతున్న దాన్ని ఆ చుక్కలు లేపాయి.

ఎందుకలా జరిగిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. అయోడిన్ ఒక్కసారిగా ఎక్కువైతే థైరాయిడ్ హార్మోన్ తయారీని కొన్నాళ్లు ఆపేస్తుంది. దీన్ని వుల్ఫ్, చైకాఫ్ అనే ఇద్దరు 1948లో రాశారు. గ్రంథి బాగున్నవాళ్లకి కొద్ది రోజుల్లో పని మళ్లీ మొదలవుతుంది. నాలాంటివాళ్లకి మొదలవదు. ఇంకొందరికి దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, హార్మోన్ అమాంతం పెరిగి గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. మన ఇంట్లో అమ్మమ్మకి థైరాయిడ్, నాకు థైరాయిడ్. ఈ జబ్బు కుటుంబాల్లో నడుస్తుంది. నీకు లేదని నీకెలా తెలుసు? ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నావా?

ఇక ఏం చేయాలో చెబుతాను.

అన్నిటికన్నా ముందు ఆ గోలీకాయ సంగతి. నొప్పి గురించి నాకు అంత టెన్షన్ లేదు. నెలసరికి ముందు రెండు వైపులా వచ్చి, తర్వాత తగ్గిపోయే నొప్పి క్యాన్సర్ గుర్తు కావడం చాలా అరుదు. ఆడవాళ్లలో సగానికి పైగా ఎప్పుడో ఒకప్పుడు రొమ్ములో ఈ గడ్డలు, తిత్తులు, గరుకుదనం చూస్తారు. దాన్నే ఫైబ్రోసిస్టిక్ మార్పులంటారు. కానీ ఒక్క వైపే, ఒక్క చోటే చేతికి తగిలేదాన్ని చుక్కలతోనో, ఓపికతోనో సాగదీయకూడదు. నేను డ్యూటీలో చూసినవాటిలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది మందు పడక చెడినవాళ్లు కాదు, ఏదో ఒకటి వాడుతూ ఆరు నెలలు, ఏడాది ఆలస్యంగా వచ్చినవాళ్లు. "తగ్గుతుందేమో అని చూశాం సిస్టర్" అనే మాట ఎన్నిసార్లు విన్నానో. అయోడిన్ నొప్పిని తగ్గించినా నాకు భయమే. నొప్పి తగ్గితే గడ్డను మర్చిపోతావు.

నెలసరి మొదలైన వారం, పది రోజులకి రొమ్ము మెత్తబడి ఉంటుంది, డాక్టర్ చేత్తో చూడటానికి అదే మంచి సమయం. నీ తేదీ బట్టి వచ్చే వారం సరిపోతుంది, అపాయింట్‌మెంట్ ఈ రోజే తీసుకో. ఈలోపు చర్మం లోపలికి సొట్టపడినా, కమలాపండు తొక్కలా గుంటలు పడినా, చనుమొన కొత్తగా లోపలికి లాక్కున్నా, దాని నుంచి రక్తం వచ్చినా, చంకలో ఇంకో గడ్డ తగిలినా ఆ తేదీ కోసం ఆగకు, వెంటనే వెళ్లు. డాక్టర్ ముందు చేత్తో చూస్తారు, తర్వాత స్కానింగ్. నీకు ముప్పై ఎనిమిది కాబట్టి మొదట అల్ట్రాసౌండ్ చేసి, కావాలనుకుంటే మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, కూడా తీయమంటారు. అనుమానం ఉంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. బయాప్సీ అనగానే గుండె జారిపోతుంది, తెలుసు. చాలా బయాప్సీలు క్యాన్సర్ కాదనే తిరిగి వస్తాయి. మామూలు నీటితిత్తి అని తేలితే ముప్పేమీ పెరగదు. కణాలు తీరు మారి కనిపిస్తే మాత్రం మరింత జాగ్రత్తగా చూస్తూ ఉంటారు.

అదే రోజు టి.ఎస్.హెచ్., థైరాయిడ్ మీద దాడి చేసే యాంటీబాడీల పరీక్ష రాయమని అడుగు. మన కుటుంబం సంగతి చెప్పు. ఆ సీసా కూడా తీసుకెళ్లి చూపించు, సిగ్గుపడకు. నేను ఆ రోజు చూపించి ఉంటే బాగుండేది.

అయోడిన్ అసలే వద్దని కాదు నా మాట. తక్కువైతే థైరాయిడ్ ఉబ్బుతుంది, పుట్టబోయే బిడ్డ మెదడుకి దెబ్బ. ఉప్పు కొనేటప్పుడు అయోడిన్ కలిపినదేనా అని చూడు. ఆరోగ్యానికి మంచిదని సముద్రపు ఉప్పు, రాతి ఉప్పు వాడేవాళ్లున్నారు. కలపకపోతే వాటిలో అయోడిన్ నామమాత్రమే. డబ్బా మూత గట్టిగా పెట్టు, వంట చివర్లో వేస్తే నష్టం తక్కువ. అయోడిన్ కోసమని ఉప్పు పెంచకు, రోజుకి ఐదు గ్రాముల లోపే ఉండాలి. పాలు, గుడ్లు, చేపల నుంచి కూడా వస్తుంది. నువ్వు పాలూ గుడ్లూ తింటావు, అయోడిన్ ఉప్పే వాడుతున్నావు, కాబట్టి నీకు లోటు ఉండే అవకాశం తక్కువ. చర్మం మీద అయోడిన్ రాసి ఎంతసేపటికి మాయమవుతుందో చూసే పరీక్ష ఒకటి చెబుతారు, దాన్ని నమ్మకు. గాలికి కూడా ఆ మరక పోతుంది. ఒక్కసారి చేసే మూత్రపరీక్షతో కూడా ఒక మనిషికి లోటుందో లేదో తేలదు, రోజురోజుకీ అది మారుతూనే ఉంటుంది. నాచుతో చేసే మాత్రల జోలికీ పోకు, ఒక్కో దాంట్లో ఎంత ఉంటుందో నిలకడ లేదు.

ఇంకో బిడ్డ ఆలోచన ఉందన్నావు కదా, ఆ సంగతి డాక్టర్‌కి మొదటే చెప్పు. గర్భంలో అయోడిన్ అవసరం పెరుగుతుంది, రోజుకి 250 మైక్రోగ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అది అయోడిన్ ఉన్న గర్భిణుల మాత్రతో సరిపెట్టగలిగేదే. మిల్లీగ్రాముల లెక్కన తాగితే మాత్రం బిడ్డ థైరాయిడ్ మందగించే ప్రమాదం ఉంది.

నొప్పికి ఈలోపు ఏం చేయాలంటే, కొలత సరిగ్గా చూసుకుని గట్టిగా పట్టి ఉంచే బ్రా వేసుకో, నొప్పి ఉన్న రోజుల్లో రాత్రి కూడా. చాలామందికి సగం ఉపశమనం దానితోనే వస్తుంది, నీ వయసువాళ్లు ఎంతమంది తప్పు కొలత వేసుకుంటారో నాకు తెలుసు. నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ జెల్ రాసుకోవచ్చా అని డాక్టర్‌ని అడుగు. ఒక నోట్‌బుక్‌లో రోజూ నొప్పి ఎంతో పదికి ఇన్ని అని రాయి, నెలసరి రోజులు గుర్తుపెట్టు. రెండు, మూడు నెలలు రాస్తే నొప్పి తీరు నీకే కనిపిస్తుంది. అప్పటికీ తట్టుకోలేకపోతే వేరే మందులున్నాయి. గడ్డ సంగతి తేలి, థైరాయిడ్ బాగుందని తెలిసి, అయోడిన్ ప్రయత్నిద్దామని డాక్టరే అంటే, ఎంత, ఎన్నాళ్లు, మళ్లీ రక్తపరీక్ష ఎప్పుడు అని రాయించుకుని అప్పుడు వాడు. నేను అడ్డు చెప్పను.

అపాయింట్‌మెంట్ ఏ రోజు దొరికిందో సాయంత్రం ఫోన్ చేసి చెప్పు. నీతో పాటు నేనూ వస్తాను, బయట కుర్చీలో కూర్చుంటాను. లోపలికి రమ్మంటే లోపలికీ వస్తాను.

మీ పెద్దమ్మ