మీ బడ్జీకి వచ్చింది మశూచి కాదు, ఆకలి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపూర్ దగ్గర పల్లె. వరి, కొర్ర, సామ పండిస్తాం. పెరట్లో నాటుకోళ్లు ఉన్నాయి. మా అమ్మాయి అడిగిందని తొమ్మిది రోజుల క్రితం పర్లాకిమిడిలో ఒక దుకాణం నుంచి ఆకుపచ్చ బడ్జీని, అంటే చిలుక జాతి చిన్న పంజరం పక్షిని, తెచ్చాం. మగ పిల్ల అని, నెల రోజుల్లో మాట్లాడుతుందని చెప్పి అమ్మారు. గింజలు రెండుసార్లు మాత్రమే వేశాం, గిన్నె ఇంకా నిండుగానే ఉంది. పక్షి మాత్రం ఈకలు ఉబ్బించుకుని ఒక మూల కూర్చుంటోంది. చేయి పెడితే కరుస్తోంది. ముక్కు మీద గోధుమ రంగు గరుకు పొక్కు లేచింది. కోళ్లకు వచ్చే మశూచి అనుకుని పసుపు, వేపనూనె రాస్తున్నాను. దుకాణదారు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పొడి ఇచ్చి నీళ్లలో కలపమన్నారు. తగ్గకపోతే పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్ ఒక చుక్క మెడ మీద వేయమన్నారు. వేయవచ్చా? కోళ్లకు కొక్కెర తెగులు రాకుండా వేసే లసోటా టీకా కూడా వేయించాలా? తోడుగా ఉంటుందని పొరుగాయన ఒక రామచిలుక పిల్లను ఇస్తానంటున్నారు. ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: ఐవర్‌మెక్టిన్ చుక్క వేయకండి. మిగతా జవాబు చదివే ముందే ఆ సీసాను పశువుల మందుల దగ్గర పెట్టేయండి. ఎందుకో లెక్క చూడండి. పెద్ద బడ్జీ బరువు 30 నుంచి 40 గ్రాములు. పక్షులకు ఈ మందు మోతాదు కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు. అంటే 35 గ్రాముల పక్షికి 0.007 మిల్లీగ్రాములు చాలు. మీ దగ్గరున్న ఒక శాతం ఇంజెక్షన్ మందు ఒక్క చుక్కలో సుమారు అర మిల్లీగ్రాము ఉంటుంది. అది అవసరమైన దానికి దాదాపు 70 రెట్లు. ఇంత చిన్న మోతాదును ఏ సిరంజితోనూ కొలవలేం. పశువైద్యుడు మందును పలచన చేసి వేస్తాడు. అది కూడా గజ్జి పురుగు ఉందని తేలితేనే. మీ పక్షికి ఆ పురుగు లేదు.

మశూచి కూడా లేదు. మీరు పంపిన ఫొటోలో ముక్కు రంధ్రాల చుట్టూ కనిపిస్తున్న గోధుమ రంగు గరుకు పొర పొక్కు కాదు. ఈడొచ్చిన ఆడ బడ్జీకి ఆ చోట పొర అలాగే ముదురుతుంది. మగదైతే సాధారణంగా నీలంగా ఉంటుంది. గజ్జి పురుగు అయితే ముక్కు మూలల్లో, కాళ్ల మీద తేనెపట్టులా చిల్లులు పడిన బూడిద రంగు పెచ్చు కడుతుంది. అలాంటిదేమీ ఫొటోల్లో లేదు. నుదుటి మీద చారలు లేవు, కంటి పాప చుట్టూ తెల్లని వలయం ఉంది. కాబట్టి ఇది పిల్ల కాదు, పెద్ద పక్షి. మగది అని, పిల్ల అని చెప్పి మీకు అమ్మిన మాట రెండు విధాలా తప్పు. పసుపు, వేపనూనె ఈరోజుతో ఆపండి. ఆ నూనె ముక్కు రంధ్రాల్లోకి దిగితే లేని జబ్బు వస్తుంది.

ఇక అసలు సంగతి మీ రెండో ఫొటోలో ఉంది. గిన్నె నిండుగా ఉందని రాశారు. ఆ ఫొటోను పెద్దది చేసి చూస్తే అందులో ఉన్నది గింజలు కాదు, పొట్టు. మీకు కోళ్ల పెంపకం తెలుసు. కోడి గింజను పొట్టుతో సహా మింగేస్తుంది. బడ్జీ అలా మింగదు. గింజను ముక్కుతో చీల్చి పప్పు మాత్రం తిని, పొట్టును మళ్లీ గిన్నెలోనే వదిలేస్తుంది. రెండు రోజులకే పైనంతా పొట్టు పేరుకుంటుంది. అడుగున గింజలున్నాయని పక్షి తవ్వి తినదు. నిండు గిన్నె ముందే కూర్చుని ఆకలితో చచ్చిపోతుంది. కొత్తగా బడ్జీలను తెచ్చుకున్న ఇళ్లలో ఇది మాటిమాటికీ చూస్తున్నాను. ఇంత చిన్న పక్షి ఒక పూర్తి రోజు తిండి లేకపోతేనే ప్రమాదంలో పడుతుంది. మీది ఇంకా గట్టిగా కరుస్తోందంటే ఒంట్లో బలం మిగిలే ఉంది. ఈ గంటలోనే తిండి పెట్టండి.

గిన్నె మొత్తం ఒంపేసి కడిగి ఆరబెట్టి, కొత్త గింజలు వేయండి. మొదటి రెండు రోజులు పంజరం అడుగున తెల్ల కాగితం పరిచి దాని మీద కూడా కొన్ని చల్లండి. భయపడిన పక్షి గిన్నె దగ్గరికి వెళ్లకపోయినా నేల మీద ఏరుకుంటుంది. ఆ తర్వాత రోజుకు రెండు టీ చెంచాల గింజలు సరిపోతాయి. ఉదయం, సాయంత్రం గిన్నెను బయటికి తీసి పొట్టు ఊదేయాలి. టెట్రాసైక్లిన్ నీళ్లు పారబోయండి. ఆ పొడి చేదుకు పక్షి నీళ్లు తాగడం మానేస్తుంది, నీళ్లు తగ్గితే తిండీ తగ్గుతుంది. ఈ ఒక్కరోజుకు 100 మిల్లీలీటర్ల కాచి చల్లార్చిన నీళ్లలో ఒక టీ చెంచా గ్లూకోజు కలిపి పెట్టండి, ఆరు గంటలకోసారి మార్చండి. రేపటి నుంచి మామూలు నీళ్లే.

ఇప్పుడు మీ వైపు రాత్రిళ్లు బాగా చలి. ఈకలు ఉబ్బించిన పక్షికి వెచ్చదనం కావాలి. పంజరానికి ఒక పక్క, జానెడు దూరంలో 40 వాట్ల పాత రకం బల్బు వెలిగించి, ఆ పక్కను మాత్రం దుప్పటితో కప్పండి. రెండో పక్క తెరిచి ఉంచాలి, వేడెక్కితే పక్షి అటు జరుగుతుంది. ఎల్‌ఈడీ బల్బు వేడి ఇవ్వదు.

తిండి కోసం దుకాణానికి వెళ్లనక్కర్లేదు. కంగ్నీ పేరుతో పొట్లాలు కట్టి అమ్మేవి మీ పొలంలోని కొర్రలే. పొట్టు తీయని కొర్రలు రెండు పాళ్లు, సామలు ఒక పాలు, గంటెలు (సజ్జలు) అర పాలు కలపండి. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. విత్తనశుద్ధి మందు పట్టించిన గింజలు, పురుగు బిళ్లలు వేసి నిల్వ చేసిన బస్తాలోవి పెట్టకూడదు. ఇంటికి తినడానికి ఉంచుకున్న వాటిలోంచే తీయండి. పక్షి కోలుకున్నాక రోజూ ఒక చిటికెడు కొత్తిమీరో, తోటకూరో, మునగాకో కడిగి ఇవ్వండి. గింజలు మాత్రమే తినే బడ్జీకి విటమిన్ ‘ఏ’, అయోడిన్ రెండూ తక్కువ పడతాయి. మందు చల్లిన మడిలోని ఆకు వద్దు. సున్నం కోసం పంజరానికి సముద్రపు నురుగు ముక్క, అంటే కటిల్‌ఫిష్ ఎముక, కట్టండి. అన్నట్టు, పంజరంలో ఈ ముక్క ఉండగా టెట్రాసైక్లిన్ తాగించడం ఇంకో వృథా పని. మందును సున్నం పట్టేసుకుంటుంది. అవకాడో, చాక్లెట్, టీ, ఉప్పు వేసిన తిండి దగ్గరికి రానివ్వకండి.

మందుల గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పక్షి ఏ కారణంతో ముడుచుకున్నా దుకాణంలో ఇచ్చేది ఇదే పసుపు రంగు టెట్రాసైక్లిన్ పొడి. ఎవరూ పక్షిని చేతిలోకి తీసుకుని చూడరు, తూచరు, రెట్ట చూడరు. చిలుక జాతి పక్షుల నుంచి మనుషులకు సోకే సిటాకోసిస్ అనే జబ్బు ఒకటి ఉంది. దానికి డాక్సీసైక్లిన్ అనే మందును వారాల తరబడి, సాధారణంగా 45 రోజులు, లెక్క ప్రకారం వాడాలి. దుకాణం పొడి నాలుగు రోజులు వాడి ఆపితే ఆ జబ్బు లోపలే ఉండిపోతుంది, బయటికి మాత్రం తగ్గినట్టు కనిపిస్తుంది. పంజరం శుభ్రం చేశాక మీరూ అమ్మాయీ సబ్బుతో చేతులు కడుక్కోండి. ఎండిన రెట్టను దుమ్ము లేచేలా ఊడ్చకుండా తడిపి తుడవండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం, విపరీతమైన తలనొప్పి, పొడి దగ్గు వస్తే ఇంట్లో బడ్జీ ఉందని డాక్టరుకు తప్పక చెప్పండి.

లసోటా టీకా బడ్జీకి వద్దు. మీ కోళ్లకు వేయించారా? ఆ సంగతి ఉత్తరంలో రాయలేదు. కోడిపిల్లలకు 7వ రోజున లసోటా కంట్లో చుక్క, 28వ రోజున మళ్లీ లసోటా, 8 వారాలకు అదే తెగులుకు ఆర్‌2బీ అనే టీకా ఇంజెక్షన్ అర మిల్లీలీటరు. కొక్కెర తెగులు పెరట్లోకి వస్తే అది ఇంట్లోని పక్షికీ ముప్పే. కోళ్ల పని ముగించి చేతులు కడుక్కున్నాకే పంజరం ముట్టుకోండి.

మూడో ఫొటోలో పంజరం వంటింట్లో పొయ్యికి ఎదురుగా వేలాడుతోంది. ఈరోజే మార్చండి. పక్షికి ఊపిరితిత్తులతో పాటు గాలి సంచులూ ఉంటాయి, పొగ మనకంటే వాటికి ఎన్నో రెట్లు హాని చేస్తుంది. దోమల చుట్ట, అగరుబత్తి, మాడిన నాన్‌స్టిక్ పెనం పొగ, పొలం నుంచి వచ్చి విప్పిన మందు వాసన బట్టలు, ఇవేవీ ఆ గదిలో ఉండకూడదు. మనుషులు తిరిగే గదిలో, ఒక వైపు గోడ ఉండేలా, మీ ఛాతీ ఎత్తున పెట్టండి. పంజరం కనీసం రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉండాలి. ఊచల మధ్య ఖాళీ అరంగుళం దాటకూడదు. నున్నని ప్లాస్టిక్ కర్ర తీసేసి వేలు లావున్న జామ కొమ్మలు కట్టండి. పంజరంతో పాటు ఇచ్చిన మట్టి ముంతను కూడా తీసేయండి. ముంత కనిపిస్తే ఈ ఆడపక్షి గుడ్లకు సిద్ధపడుతుంది. ఇంత చిక్కిన ఒంట్లో గుడ్డు అడ్డం పడితే బతకదు.

ఇక మచ్చిక. తొమ్మిది రోజులుగా రోజూ పట్టుకుని నూనె రాశారు. ఆ పక్షికి మీ చేయి అంటే ఇప్పుడు ప్రాణభయం. కరవడం పొగరు కాదు, పారిపోవడానికి దారి లేక చేస్తున్న పని. ముందు వారం రోజులు గింజలు, నీళ్లు మార్చడానికి తప్ప చేయి పెట్టకండి. అమ్మాయిని పంజరం పక్కన కూర్చుని చదువుకోమనండి, మెల్లగా మాట్లాడమనండి. తినడం కుదుటపడి, మనిషి ఎదుట ఉండగానే ఈకలు దువ్వుకోవడం మొదలుపెడితే భయం తగ్గినట్టు. అప్పుడు మీ పొలంలోని ఎండిన కొర్ర కంకి ఒకటి తెచ్చి ఊచల మధ్య నుంచి పట్టుకోమనండి. కంకి అంటే బడ్జీలకు అంతకన్నా ఇష్టమైనది లేదు. అది అలవాటయ్యాక కంకితో చేయి లోపలికి, ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. రోజూ కంకిని కొంచెం కొంచెం పొట్టిగా పట్టుకుంటే పక్షి తిండి కోసం చేతి దగ్గరికి వస్తుంది. చివరికి చూపుడు వేలిని కాళ్లకు కాస్త పైన, పొట్టకు మెల్లగా ఆనిస్తే వేలెక్కుతుంది. వెనక్కి జరిగితే ఆ పూటకు ఆపేయాలి. తువ్వాలు వేసి పట్టడం, రెక్కలు కత్తిరించడం వద్దు. పిల్లపక్షి రెండు మూడు వారాల్లో దారికి వస్తుంది. పెద్దది, పైగా ఇంత భయపడినది, రెండు మూడు నెలలు తీసుకోవచ్చు. బయటికి వదిలే రోజు కిటికీలు మూసి, పొయ్యి ఆర్పి, ముఖ్యంగా ఫ్యాను ఆపండి.

మాటల మీద ఆశ పెట్టుకోవద్దని అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. మాటలు నేర్చేవి ఎక్కువగా మగవే. ఆడవి నేర్వడం అరుదు. కానీ భుజం మీదికి వచ్చి కూర్చునే పక్షిగా ఇది మారగలదు, ఆ పని అమ్మాయి ఓపికతోనే జరుగుతుంది.

రామచిలుక పిల్లను తీసుకోకండి. మన దేశపు చిలుకలను పట్టడం, ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అటవీ శాఖ అనుమతి ఏదీ పొరుగాయన దగ్గర ఉండదు. బడ్జీ ఆస్ట్రేలియా పక్షి, తరతరాలుగా పంజరాల్లోనే పుట్టి పెరుగుతోంది కాబట్టి దానికి ఆ నిషేధం లేదు. తోడు కావాలంటే ఇది కోలుకున్నాక ఇంకో బడ్జీని తెచ్చి, 30 రోజులు వేరే గదిలో ఉంచి కలపండి.

చిన్న డిజిటల్ తూనిక ఒకటి కొని, పక్షి కోలుకునే దాకా రోజూ ఉదయం తిండికి ముందు తూచండి. చేత్తో పట్టకుండా చిన్న అట్టపెట్టెలోకి ఎక్కించి తూచి, పెట్టె బరువు తీసేయండి. రెట్ట ముదురు ఆకుపచ్చ చుట్ట, మధ్యలో తెలుపు ఉండి, రోజుకు నలభైకి పైగా పడుతుంటే తిండి అందుతున్నట్టు. పూర్తి రోజు తిండి పెట్టాక కూడా ఈకలు ఉబ్బే ఉంటే, శ్వాసతో పాటు తోక పైకీ కిందికీ ఊగుతుంటే, బరువు 25 గ్రాముల లోపు ఉంటే ఆలస్యం చేయకుండా గుణుపూర్ పశువైద్యశాలకు తీసుకెళ్లండి. అక్కడ పక్షులను చూసేవారు లేకపోతే విజయనగరం జిల్లాలోని గరివిడి పశువైద్య కళాశాలకు వెళ్లండి. పంజరానికి గుడ్డ కప్పి తీసుకెళ్లాలి. బయల్దేరే ముందు అడుగు శుభ్రం చేయకండి, రెట్ట ఉన్న ఆ కాగితాన్ని, దుకాణంలో ఇచ్చిన పొడి పొట్లాన్ని డాక్టరుకు చూపించాలి.