బావ వేయించుకున్న టీకా లిస్టులో లేదు

"కోవిడ్ సమయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సరిగ్గా పనిచేసిందా?" అని అడిగారు. నేను సోంపేటలో నెట్ సెంటర్ నడుపుతాను. నేను కళ్లారా చూసింది టీకా సర్టిఫికెట్ల గొడవ, అదే చెబుతాను.

మా ఉద్దానం నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు గల్ఫ్‌కి పోతుంటారు. మా మేనత్త కొడుకు కూడా ఫిట్టరే. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడే రెండు డోసులు కోవాగ్జిన్ వేయించుకున్నాడు. సెప్టెంబరు 1న ఒమన్ మనవాళ్లకి మళ్లీ దారి తెరిచింది. కానీ వాళ్ల లిస్టులో కోవిషీల్డ్ ఉంది, కోవాగ్జిన్ లేదు. ఏజెంటు ఫోన్ చేసి "ఏ టీకా?" అని అడిగినప్పుడు బావ నా షాపులోనే ఉన్నాడు. ఫోన్ పెట్టేసి, ప్రింటు తీసిన సర్టిఫికెట్ మడతలు విప్పుతూ, "ఆ రోజు ఆస్పత్రిలో అదే ఉంది, అదే ఏసేరు. నన్నడిగేరేటి?" అన్నాడు. మళ్లీ కోవిషీల్డ్ వేయిద్దామంటే ప్రభుత్వ టీకా పోర్టల్ కోవిన్‌లో రెండు డోసులూ పూర్తయినట్టు చూపిస్తోంది, ఇంక స్లాట్ రాదు. అక్టోబరు నెలాఖరున ఒమన్ కోవాగ్జిన్‌ని ఒప్పుకుంది. అప్పటికి బావ స్థానంలో వేరే మనిషి ఎక్కేశాడు.

ఈ రెండు టీకాలకీ మన దేశం అనుమతి ఇచ్చింది ఒకే రోజు, 2021 జనవరి 3న. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఆమోదం కోవిషీల్డ్‌కి ఫిబ్రవరి 15న వస్తే, కోవాగ్జిన్‌కి నవంబరు 3 దాకా రాలేదు. దాని డేటా సంస్థకి చేరడం మొదలైందే జులైలో.

పేర్ల బాధ ఇంకొకటి. మన ఇంటిపేరు ఆధార్‌లో ఒక అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. సర్టిఫికెట్‌లో పేరు పాస్‌పోర్టుకి సరిపోయేలా కోవిన్‌లో దిద్దుకోవడానికి అప్పట్లో ఒక్కసారే అవకాశం ఉండేది. పొరపాటున తప్పు కొడితే అవతలి మనిషి ప్రయాణం ఆగిపోతుందని ఎంత టెన్షన్ పడేవాడినో! రాత్రి పది దాటినా షాపు ముందు నలుగురైదుగురు నిలబడి ఉండేవారు.

తప్పంతా ఆ సంస్థదే అని నేననను. విదేశీ ప్రయాణానికి టీకా రుజువు అడగొద్దని 2021 ఫిబ్రవరిలోనే చెప్పింది. అప్పటికి పేద దేశాలకి ఇంకా టీకాలే అందలేదు, ఆ దేశాలకి టీకాలు పంచే అంతర్జాతీయ పథకం కోవాక్స్ మొదటి సరుకు ఘనాలో దిగింది ఆ నెల 24న. అయినా దేశాలు వినలేదు, ఎవరి లిస్టు వాళ్లు రాసుకున్నారు. చెప్పిన మాట చెల్లనప్పుడు కూలికి పోయేవాడే నలిగిపోతాడు. 2025 మే 20న సంస్థ సభ్య దేశాలు ఆమోదించిన మహమ్మారి ఒప్పందంలో కూడా, ప్రయాణికులని రానివ్వమనీ ఆపమనీ దేశాలని ఆదేశించే అధికారం సంస్థకి లేదని స్పష్టంగా రాశారు. నా మటుకు అందరూ ఒప్పుకునే ఒకే టీకా లిస్టు ముందు కావాలి.

బావ మరుసటేడు వేరే కంపెనీలో హెల్పర్‌గా వెళ్లాడు. ఫిట్టర్ జీతం రాలేదు.