ఫోన్ మోగితే వదిలేసి వెళ్లగలిగే పని

గరాజ్‌లో కిట్ విమానం (విడిభాగాలు కొని మనమే బిగించుకునేది) మొదలుపెట్టి మూడేళ్లయినా తోక పూర్తి కాలేదని, ఇద్దరు చిన్న పిల్లలతో టైమ్ ఎక్కణ్ణుంచి తేవాలని అడిగారు. మీకు ఉన్న టైమ్ చాలండీ. ఏ రోజు ఏ పని ముట్టుకోవాలో తెలిస్తే చాలు. నాది ఆర్‌వీ-9ఏ అనే రెండు సీట్ల కిట్ విమానం, డాలస్ పక్కన ఫ్రిస్కోలో, మా గరాజ్‌లోనే. ఆరో ఏడు నడుస్తోంది. ఈ సంగతి నాకు పెట్రోల్ ట్యాంకు దగ్గర తెలిసింది.

ఈ విమానంలో రెక్క ముందు భాగమే ట్యాంకు. అల్యూమినియం రేకుల అతుకుల్లోంచి పెట్రోల్ కారకుండా సీలెంట్ అనే జిగురు ముద్ద పూసి రివెట్లు కొట్టాలి. తెల్లటి ముద్ద పది పాళ్లు, నల్లటి ముద్ద ఒక పాలు, తూకం వేసి కలపాలి. నేను వాడే రకానికి కలిపాక రెండు గంటలే గడువు. టెక్సాస్ ఎండకి అంతసేపు కూడా ఆగదు. కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, దేనికి తగిలితే దాన్ని వదలదు.

ఆ రోజు సెలవు పెట్టి కూర్చున్నాను. మా ఆవిడకి హాస్పిటల్లో డ్యూటీ. ఐదో స్టిఫ్‌నర్ (రేకు వంగకుండా లోపల బిగించే పట్టీ) బిగిస్తుండగా స్కూల్ నుంచి ఫోన్. చిన్నోడికి 102 జ్వరం, తీసుకెళ్లమన్నారు. అరగంటలో వస్తానన్నాను. స్కూలు ఆరు నిమిషాల దూరం. ఆ అరగంట సీలెంట్ కోసం అడిగాను. ఇంకో రెండు బిగించి వెళ్లేసరికి వాడు ఆఫీసు గదిలో బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి. కార్లో "నాన్నా, నీకు పని ఉందా?" అన్నాడు. స్టీరింగ్ మీద ఆ రోజు అంటిన బూడిదరంగు మరక ఇప్పటికీ పోలేదు. మా ఆవిడ వచ్చి వాడి నుదురు చూసి, ఏమీ అనకుండా గరాజ్ తలుపు వేసేసింది. కప్పులో మిగిలిన సీలెంట్ రబ్బరు ముద్దయిపోయింది. రేకు మీద ఎండిపోయినదాన్ని ప్లాస్టిక్ గరిటెతో మూడు సాయంత్రాలు గీకాను.

అప్పట్నుంచి మా ఇంట్లో పని రెండు రకాలు. రంధ్రాల అంచులు నున్నగా చేయడం, క్లీకోలు (రివెట్ కొట్టేదాకా రేకుల్ని పట్టి ఉంచే తాత్కాలిక పిన్నులు) పెట్టి రేకులు జత చూసుకోవడం, ఫొటోలు తీసి లాగ్ రాయడం, ఇవి ఏ క్షణాన్నైనా ఆపేయొచ్చు. పిల్లలు పడుకున్నాక నలభై నిమిషాలు ఇవే. సీలెంట్ పని, ఒకరు రివెట్ గన్ కొడితే ఇంకొకరు వెనక ఇనుప దిమ్మ పట్టుకోవాల్సిన రివెట్లు నెలకి రెండు రోజులే, అదీ మా ఆవిడ ఇంట్లో ఉండి సరేనన్నప్పుడు. ఇంటి వల్లో పిల్లల వల్లో ఆగిపోయిన విమానం ఒక్కటి కూడా ఉండదని నా గట్టి నమ్మకం. ఆపలేని పనిని తప్పు రోజున మొదలుపెట్టి, ఇంట్లోవాళ్ల మనసు విరిచేసుకున్నాక ఆగిపోతాయి.

ఇంకో బాధ ఏంటంటే, ఇన్ని గంటల్లో అయిపోతుందని లెక్కలు చెప్పే వీడియోలు. అవి చూసే మనవాళ్లు టెన్షన్ పడతారు. సగానికి పైగా పని సొంతంగా, నేర్చుకోవడానికో సరదాకో చేసి ఉండాలని ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) నిబంధన. ఎన్నేళ్లు పట్టిందని అందులో ఎక్కడా అడగరు. కిట్ కూడా తోక, రెక్కలు, బాడీ అని విడివిడిగా కొనుక్కోవచ్చు, డబ్బుకీ ఊపిరాడుతుంది. హ్యాంగర్ (విమానాల షెడ్డు) అద్దెకి తీసుకుంటే పని వేగం పెరుగుతుందని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. రెక్కలు తగిలించే రోజు వరకు ఇంట్లోనే ఉంచండి. వంటింట్లోంచి పిలిస్తే వినపడాలి.

మీరు ఇంకా తోక దగ్గరే ఉన్నారు, ట్యాంకుల దాకా వచ్చేలోపే ఫ్రిజ్ మీద ఒక క్యాలెండర్ పెట్టండి. మాకు వచ్చే శనివారం రెండో ట్యాంకు. ఆ గడిలో "ట్యాంకు" అని రాసి చుట్టూ గీత గీసింది చిన్నోడే.