మొదటి ఫ్లాటు కొనే ముందు

బంగారు తల్లికి, అత్తయ్య ఆశీస్సులు.

బాచుపల్లిలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు కొని అద్దెకిద్దామనుకుంటున్నానని నిన్న ఫోన్‌లో అన్నావు. ఫోన్‌లో తేలే విషయం కాదు, అందుకే రాస్తున్నాను.

ముందు మాకు జరిగింది విను. 1998లో మీ మామయ్యా నేనూ వనస్థలిపురం దగ్గర 200 గజాల ప్లాటు కొన్నాం. అమ్మింది ముగ్గురు అన్నదమ్ములు. ముగ్గురూ సంతకాలు పెట్టారు, రిజిస్ట్రేషన్ అయింది, ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలన్నీ చూపించే ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) మా పేరొచ్చింది. రెండేళ్లకు కోర్టు నోటీసు! వాళ్లకో చెల్లెలుంది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టం తెచ్చింది కదా, ఆవిడ పెళ్లి 1988లో. ఆవిడకు చెప్పకుండానే అమ్మేశారు. తొమ్మిదేళ్లు కోర్టు చుట్టూ తిరిగి, చివరికి ఆవిడ వాటాకు డబ్బు కట్టి రాజీ పడ్డాం. ఆవిడను నేనెప్పుడూ తప్పుపట్టలేదు, అడిగింది తన వాటానే. మేం ఒక్కసారైనా ‘మీకు అక్కచెల్లెళ్లున్నారా’ అని అడగలేదు.

అందుకే చెబుతున్నాను, రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన ఆస్తి మనదైపోదు. ఫ్లాటుది ఒక్కటే కాదు, ఆ బిల్డింగు లేచిన స్థలానిది కూడా ముప్పై ఏళ్ల ఈసీ తీయించు, లింకు డాక్యుమెంట్లు, అంటే ఇంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజులు, అన్నీ అడుగు. లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకువాళ్లే చూసుకుంటారులే అనుకోకు. వాళ్ల లాయరు బ్యాంకు కోసం చూస్తాడు. నీకోసం చూసే లాయరుకు ఫీజు నువ్వే ఇచ్చుకో. మంజూరైన ప్లాన్ చేతిలో పట్టుకుని, బిల్డింగు ముందు నిలబడి అంతస్తులు లెక్కపెట్టు. కాగితంలో నాలుగుండి ఎదురుగా అయిదు కనిపిస్తే అక్కణ్నుంచే వెనక్కి వచ్చెయ్. దగ్గర్లో చెరువుంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు), బఫర్ (దాని చుట్టూ ఇళ్లు కట్టకూడని జాగా) గీతలు ఎక్కడిదాకా ఉన్నాయో హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ మ్యాపుల్లో చూడాల్సిందే.

ఓనరు అమెరికాలో ఉన్నాడు, వాళ్ల బావమరిది సంతకం పెడతాడన్నావు. అలా సంతకం పెట్టడానికి ఓనరు ఆయనకిచ్చిన అధికారపత్రాన్ని జీపీఏ అంటారు. అది ఇక్కడ చెల్లేలా వాలిడేట్ చేయించిందేనా, అందులో అమ్మే అధికారం స్పష్టంగా రాసి ఉందా చూడు. ఇచ్చినాయన చనిపోతే ఆ కాగితం చెల్లదు కాబట్టి, వీడియో కాల్‌లో ఆయనతో నువ్వే మాట్లాడు. ఇంకోటి, 50 లక్షలు, ఆపైన ధర ఉంటే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి ఒక శాతం టీడీఎస్ (ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోస్తే చాలని అందరూ చెబుతారు. అది ఇక్కడ ఉన్నవాళ్ల దగ్గర కొన్నప్పుడు. ఎన్నారైకి లెక్క వేరు, చాలా ఎక్కువ కోయాలి, కోయకపోతే ఆ భారం నీ మీద పడుతుంది. అడ్వాన్స్ ఇవ్వకముందే ఆడిటర్‌ని కలువు.

అద్దె లెక్క కూడా మనసుకు నచ్చినట్టు వేసుకోకు. ఫ్లాటు 65 లక్షలు, అద్దె 20 వేలన్నావు. ఏడాదికి 2,40,000. ఒక నెల ఖాళీగా ఉందనుకో, పెయింటింగు, ఇంటి పన్ను, చిన్నాచితకా రిపేర్లు 25 వేలనుకో. మిగిలేది 1,95,000, అంటే మూడు శాతం. 45 లక్షలు ఎనిమిదిన్నర శాతానికి ఇరవై ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 39 వేలు. అంటే నెలనెలా 19 వేలు నీ జీతంలోంచి వెయ్యాలి. ఉద్యోగం ఆరు నెలలు లేకపోయినా కట్టగలిగేంత డబ్బు పక్కన ఉంటేనే దిగు, లేకపోతే నిద్ర ఉండదమ్మా.

పాతబడేకొద్దీ గోడల విలువ తగ్గుతుంది, పెరిగేది నేల విలువే. అందుకని అన్‌డివైడెడ్ షేర్, అంటే బిల్డింగు స్థలంలో నీ ఫ్లాటుకొచ్చే వాటా, ఎన్ని గజాలో అడుగు. ఒకే సైజు ఫ్లాటుకు ఒకచోట 30 గజాలొస్తే ఇంకోచోట 45 వస్తాయి.

వాచ్‌మన్ భార్యను పలకరించి, మే నెలలో రోజుకెన్ని ట్యాంకర్లు వచ్చాయో కనుక్కో. బ్రోకరు చెప్పని సంగతి ఆవిడ చెబుతుంది. నీళ్లు లేని ఇంట్లో మంచి కుటుంబం ఏడాది కూడా ఉండదు. ఉండేవాళ్లు దొరికితే వాళ్లను నిలుపుకో. మోటారు పాడైందని ఫోన్ చేస్తే ఆ రోజే మనిషిని పంపు. ఏటా నెల అద్దె వెయ్యి పెంచాలని పట్టుబడితే వాళ్లు ఖాళీ చేస్తారు, ఒక నెల ఖాళీకే ఆ పెంపు మొత్తం పోతుంది.

ఆదివారం కాగితాలన్నీ తీసుకుని రా. మీ మామయ్య కళ్లజోడు మార్పించుకున్నాడు, ముగ్గురం కూర్చుని చదువుదాం. అప్పటిదాకా ఎవరికీ రూపాయి ఇవ్వకు.

మీ అత్తయ్య