కొబ్బరితోట అమ్మి బొమ్మల బడికి పంపాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మూడెకరాల వరి, ఎకరం కొబ్బరితోట ఉన్నాయి. నేను ఇంటి దగ్గర బట్టలు కుడతాను. సాగు ఖర్చులు పోను ఏడాదికి రూ.3.60 లక్షలు వస్తాయి, అందులో 1.20 లక్షలు కొబ్బరివే. ఇంటి ఖర్చు నెలకు 20 వేలు. అమ్మాయి 8వ తరగతి. బొమ్మలు వేయడం, చరిత్ర చదవడం అంటే ప్రాణం. తమిళనాడులో కళలు, హ్యుమానిటీస్ బాగా చెప్పే రెసిడెన్షియల్ స్కూల్లో 9వ తరగతికి సీటొచ్చింది. 60 శాతం ఆర్థిక సాయం ఇస్తామన్నారు. మిగతాదానికి తోటలో అర ఎకరం అమ్ముదామని మావారు అంటున్నారు. బంధువులేమో ఆ డబ్బుతో విజయవాడ హాస్టల్లో వేసి ఎంపీసీకి తయారు చేయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు బంధువుల మాట పక్కన పెడదాం. ఎంపీసీకి ఏడాదికి రెండు లక్షలు కట్టేటప్పుడు మన ఊళ్లలో ఎవరూ లెక్క అడగరు. బొమ్మలు అనేసరికి అందరికీ లెక్కలు గుర్తొస్తాయి. పాపకు మనసు లేని చదువు మీద పెట్టిన రెండు లక్షలూ ఖర్చే. అడగాల్సిన లెక్క వేరే ఉంది. అది మీరు పంపిన ఫీజు కాగితంలోనే ఉంది.

ఆ కాగితం మూడుసార్లు చదివాను. ట్యూషన్ ఫీజు రూ.3,20,000, హాస్టలు, భోజనం 1,80,000, రంగులు, టూర్లు వగైరా 40,000. మొత్తం 5,40,000. అందులో 40 శాతం, అంటే 2,16,000 కడితే చాలని మీరు అనుకున్నారు. కానీ సాయం లెటర్లో రెండో పేరా చూడండి: 60 శాతం ట్యూషన్ ఫీజు మీదే. అంటే తగ్గేది 1,92,000. మీరు కట్టాల్సింది 3,48,000. రాకపోకలు, బట్టలు, చేతిఖర్చు ఇంకో 30 వేలు వేసుకోండి. మీ ఇంట్లో ఏడాదికి మిగిలేది 1.20 లక్షలు.

ఇది ఒక్క ఏడాది మాట. 12వ తరగతి దాకా నాలుగేళ్లు. ఫీజు ఏటా 8 శాతం పెరిగిందనుకుని లెక్కేశాను. సాయం కూడా ఫీజుతోపాటు పెరిగితే మీకు పడేది సుమారు రూ.15.7 లక్షలు. సాయం 1,92,000 దగ్గరే ఆగిపోతే 16.65 లక్షలు. ఏది నిజమో లెటర్లో లేదు. ఏటా సాయం కొనసాగుతుందా, మార్కులు తగ్గితే ఆపేస్తారా అన్నది కూడా లేదు.

ఇప్పుడు తోట సంగతి. అర ఎకరం అమ్మితే కొబ్బరి మీద వచ్చే డబ్బులో సగం, ఏడాదికి 60 వేలు, ఇక ఎప్పటికీ రావు. 1.20 లక్షల మిగులు కాస్తా 60 వేలకు దిగుతుంది. ఫీజు కోసం భూమి అమ్మితే, ఆ ఫీజు కట్టే ఆదాయమే తగ్గుతుంది. పాలకొల్లు వైపు ఒక కుటుంబం రొయ్యల చెరువును నమ్ముకుని కూతుర్ని ఇలాగే పెద్ద బడికి పంపింది. రెండో ఏడాది రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువు పోయింది. 10వ తరగతి మధ్యలో ఆ పిల్ల పెట్టె సర్దుకుని ఇంటికొచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే చెబుతున్నాను, తోట అమ్మకండి.

అలాగని సీటు వదులుకోమనడం లేదు. స్కూలుకు మళ్లీ రాయండి. మీరు దరఖాస్తులో భూమి విలువ రాశారు, ఆదాయం వివరంగా రాయలేదు. కోనసీమలో ఎకరం కొబ్బరితోట ధర చూస్తే బయటివాళ్లకు మీరు ఆస్తిపరుల్లా కనిపిస్తారు. ఆ భూమే మీ జీతం అన్న సంగతి వాళ్లకు తెలియదు. ఏడాదికి ఎన్ని దింపులు, ఒక్కో దింపుకు ఎన్ని కాయలు, దింపు కూలి, ఒలుపు కూలి పోను చేతికెంత, సార్వా (వానాకాలం వరి)కు ఎంత, దాళ్వా (రెండో పంట వరి)కు ఎంత, అన్నీ ఒక పేజీలో రాయండి. సచివాలయంలో ఆదాయ ధ్రువపత్రం తీసుకుని జత చేయండి. మొత్తం 5,40,000 మీద 85 శాతం అడగండి. అప్పుడు మీ వాటా 81,000, దారి ఖర్చులతో 1.11 లక్షలు. అది మోయగలరు. ఎక్కువ అడుగుతున్నామని మొహమాటం వద్దు. మీ లెక్కలో తల్లికి వందనం 13 వేలు కూడా ఉంటే తీసేయండి, అది మన రాష్ట్రంలో చదివే పిల్లలకే.

ఇంకోటి. వాళ్లు సగం జూన్‌లో, సగం నవంబరులో కట్టమన్నారు. జూన్‌కు దాళ్వా డబ్బు ఉంటుంది, ఫర్వాలేదు. నవంబరులో సార్వా ఇంకా చేలోనో కళ్లంలోనో ఉంటుంది. రెండో వాయిదా జనవరికి మార్చమనండి. కుదరకపోతే ఆ రెండు నెలలకు గోల్డ్ లోన్ తీసుకుని ధాన్యం డబ్బు రాగానే విడిపించండి. నాలుగేళ్ల ఫీజుకు మాత్రం బంగారం పెట్టొద్దు.

ఈలోగా పెద్దాపురం నవోదయకు 9వ తరగతి ప్రవేశ పరీక్ష రాయించండి. 8వ తరగతి చదువుతుండగానే దరఖాస్తు చేయాలి. చదువు, హాస్టలు ఉచితం. 11వ తరగతిలో హ్యుమానిటీస్ ఉందో లేదో ముందే కనుక్కోండి. సీసీఆర్‌టీ (కేంద్ర సాంస్కృతిక శాఖ కింద ఉండే సంస్థ) వాళ్లు 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు కళల్లో స్కాలర్‌షిప్ ఇస్తారు, చిత్రలేఖనం కూడా అందులో ఉంది. పాపకు వయసు దాటకముందే పెట్టండి.

స్కూలు ఒప్పుకోకపోతే పాప దారి మూసుకుపోయినట్టు కాదు. చిత్రకారుడు దామెర్ల రామారావు రాజమండ్రిలో చదువుకుంటూ ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే కంట పడ్డాడు, ఆ తర్వాతే బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్లాడు. ఒక ఆదివారం పాపను రాజమండ్రిలో ఆయన ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లండి. బొమ్మల చదువులో అసలు ఖర్చు డిగ్రీలో, బీఎఫ్‌ఏలో పెడితే బాగా పనికొస్తుంది. 2015 నుంచి నెలకు వెయ్యి చొప్పున కడుతున్న సుకన్య ఖాతా అందుకే ఉంచండి. 10వ తరగతి పాసయ్యాక పైచదువుకు సగం దాకా తీసుకోవచ్చు గానీ, ఇంటర్ ఫీజుకని ముట్టుకోకండి.

లక్ష రూపాయల డిపాజిట్ ఈ నెలాఖరులోగా కట్టమన్నారని రాశారు. సాయం ఎంత, ఎన్నేళ్లు, చేరకపోతే డిపాజిట్ వెనక్కిస్తారా అన్నది కాగితం మీద వచ్చేదాకా కట్టకండి. గడువు పది రోజులు పెంచమని ఈరోజే మెయిల్ పెట్టండి.