ఆ బ్యాగు కొనే ముందు ఈ ఉత్తరం చదువు

అమ్మలూ,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ మెసేజ్ చదివాను. "ఆఫీసులో అందరూ ఎంత క్లాసీగా ఉంటారో పెద్దమ్మా, వాళ్ళ మధ్య నేనొక్కదాన్నే ఊరి నుంచి అప్పుడే బస్సు దిగినట్టు కనిపిస్తున్నాను. మొదటి జీతంతో మంచి బ్రాండ్ బ్యాగు, వాచీ కొనుక్కుందామనుకుంటున్నాను, ఏమంటావు?" అని అడిగావు. ఫోన్‌లో చెబితే మీ అమ్మ మధ్యలో లాక్కుంటుందని తీరుబడిగా రాస్తున్నాను.

బ్యాగు కొనొద్దని అనను. నీ కష్టార్జితం, నీ ఇష్టం. కానీ నువ్వు పడుతున్న బాధ బ్యాగుతో తీరేది కాదు. నా ఉద్యోగమంతా బ్యాంకు కౌంటరు వెనక కూర్చుని మనుషుల్ని చూస్తూనే గడిచింది. మెడనిండా బంగారంతో వచ్చినవాళ్ళనూ చూశాను, పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టుకుని పొలం నుంచి నేరుగా వచ్చినవాళ్ళనూ చూశాను. ఎవరి పక్కన నిలబడితే మనం తక్కువవాళ్ళమన్న ఆలోచనే రాదో, వాళ్ళే నాకు హుందాగా కనిపించారు. అందులో డబ్బున్నవాళ్ళూ ఉన్నారు, లేనివాళ్ళూ ఉన్నారు.

మా బ్రాంచిలో ఒకావిడ ఉండేది. నేత చీరలు, చేతికి చిన్న వాచీ, అంతే. పింఛను తీసుకునే రోజుల్లో వచ్చే ముసలమ్మల్లో చాలామందికి చదువు రాదు. వేరే కౌంటర్లలో "ఫారం నింపుకుని రా పో" అని కేకలు వినిపించేవి. ఈవిడ మాత్రం "కళ్ళజోడు తెచ్చుకున్నట్టు లేరు, ఇలా ఇవ్వండమ్మా, నేను రాస్తాను" అని ఫారం అందుకునేది. ఆ ముసలమ్మకు చదువు రాదన్న సంగతి పదిమందిలో బయటపడనిచ్చేది కాదు. వేలిముద్ర వేశాక ఇంకు తుడుచుకోవడానికి గుడ్డ తనే అందించేది. ఈవిడ బదిలీ మీద వెళ్ళిపోయిన చాలాకాలానికి కూడా "ఆ అమ్మగారు ఎక్కడున్నారండీ" అని అడిగేవాళ్ళు. నువ్వు అడుగుతున్న క్లాస్ అంటే నా దృష్టిలో అదీ.

సరే, బట్టల దగ్గరికి వస్తాను. నీ మనసంతా ముందు అక్కడే ఉందని తెలుసు, అది తప్పేం కాదు.

బట్ట ఖరీదు కంటే అది ఒంటికి ఎలా అమరిందన్నది ముందు కనిపిస్తుంది. కుర్తీ వేసుకుని అద్దం ముందు నిలబడు. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఉండాలి. కిందికి జారితే ఎవరిదో అడిగి తెచ్చుకున్నట్టుంటుంది, పైకి ఎక్కితే చంక దగ్గర ముడతలు పడి చెయ్యి ఎత్తినప్పుడల్లా లాగుతుంది. ఆన్‌లైన్‌లో కొన్న కుర్తీల్లో పది వేసి చూస్తే రెండు కూడా సరిగ్గా కుదరవు. అందుకే హాస్టల్ దగ్గర ఆల్టరేషన్ చేసే మంచి టైలర్ ఎక్కడున్నాడో వెతుక్కో. ఉన్న బట్టలన్నీ మూటగట్టి తీసుకెళ్ళి నడుము, చేతులు, పొడవు సరిచేయించుకో. ఆ బ్యాగు ధరలో చిన్న ముక్కతో నీ అల్మరా మొత్తం కొత్తదైపోతుంది. ఆ తర్వాత ఇస్త్రీ, ఊడిన బొత్తాం, వేలాడే దారం, అరిగిపోయిన మడమ ఉన్న చెప్పులు. ఇవి చూసుకోవడానికి డబ్బు అక్కర్లేదు, ఆదివారం ఒక గంట చాలు.

నీకు చీర కడితే బాగుంటుంది, వారానికి ఒక్కరోజైనా కట్టు. ఏ చెప్పులతో వెళతావో ముందు అవి వేసుకుని, తర్వాత చీర కట్టుకో. లేకపోతే అంచు పాదం మీదికి లేచిపోతుంది. లోపలి లంగా చీర రంగుకు దగ్గరగా ఉండాలి. పిన్నులు భుజం దగ్గర ఒకటి, కుచ్చిళ్ళ దగ్గర ఒకటి చాలు. ఒళ్ళంతా పిన్నులు గుచ్చుకుంటే హాయిగా కూర్చోలేవు, వంగలేవు, ఆ ఇబ్బంది మొహంలో కనిపిస్తుంది. ఏ బట్టలోనైనా మనం సుఖంగా ఉంటేనే చూసేవాళ్ళకు అందంగా ఉంటాం.

ఆఫీసుకైతే మంగళగిరి నూలు చీరకు మించింది లేదంటాను. ఒళ్ళంతా సాదాగా ఉండి అంచులో సన్నటి జరీ, నిజాం అంచు అంటారు కదా, అంతే ఉంటుంది. మీటింగుకైనా సరిపోతుంది, సాయంత్రం ఎవరింటికైనా పేరంటానికి వెళ్ళాల్సి వచ్చినా మార్చుకోనక్కర్లేదు. వేసవిలో ప్రాణానికి హాయి. కొంచెం ఖర్చు పెట్టగలిగినప్పుడు గద్వాల తీసుకో. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. పెళ్ళిలో పట్టుచీరల మధ్య కూడా తీసిపోదు. పోచంపల్లి కొనేటప్పుడు మాత్రం తిరగేసి చూడు. అక్కడ నూలుకు ముందే ముడులు కట్టి రంగులద్ది తర్వాత నేస్తారు, కాబట్టి డిజైను రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది. వెనకవైపు వెలిసిపోయినట్టుంటే అది పైన అచ్చు వేసిన అద్దకం బట్ట. అద్దకం కట్టుకోవడం చిన్నతనమేం కాదు, అద్దకానికి నేత ధర ఇవ్వకు అంతే.

కొన్నాక చూసుకోవడం ఇంకా ముఖ్యం. నూలు చీర మొదటిసారి విడిగా, ఉప్పు వేసిన నీళ్ళలో జాడించు. గంజి పలచగా పెట్టు. మరీ చిక్కగా పెడితే చీర నీ మాట వినదు, అట్టలా నిలబడుతుంది. నీడలో ఆరేసి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చెయ్యి. పట్టు చీరలు పాత మెత్తటి నూలు గుడ్డలో చుట్టిపెట్టి, నెలా రెండు నెలలకోసారి మడత మార్చు. ఒకే మడతలో ఉంటే అక్కడే చీలుతుంది. సెంటు జరీ మీద కొట్టకు, నల్లబడుతుంది. అసలు సెంటు కూడా, నువ్వు లిఫ్ట్ దిగి వెళ్ళిపోయాక లిఫ్ట్ ఎక్కినవాళ్ళకు తెలిసేంత ఉండకూడదు.

ఎవరైనా "చీర బాగుంది" అంటే ఎంతకు కొన్నావో చెప్పకు. వాళ్ళు అడిగినా నవ్వి ఊరుకో. దాన్ని నేసిన ఊరి గురించి చెప్పు. పొందూరు ఖద్దరు గురించి చెబితే ఎవరైనా ఆగి వింటారు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారని నేను మొదటిసారి విన్నప్పుడు నమ్మలేదు, అది నిజం. ధర చెబితే వాళ్ళు తమ చీర ధరతో పోల్చుకుంటారు. నేత గురించి చెబితే ఆ కబురు ఇద్దరిదీ అవుతుంది.

ఇప్పుడు మాట సంగతి. బట్టల కంటే దీన్ని జాగ్రత్తగా చదువు తల్లీ.

నీ గుంటూరు యాసను దాచుకోకు. హైదరాబాదులో అన్ని జిల్లాలవాళ్ళూ ఉన్నారు, ఎవరి యాస వాళ్ళది. అక్కడివాళ్ళ తెలంగాణ మాటను ఎవరైనా వెక్కిరిస్తే నువ్వు నవ్వొద్దు. ఇంగ్లీషు రావడం అవసరం, నేర్చుకో, కానీ తెలుగు తెలిసిన మనిషితో తెలుగులో మాట్లాడటానికి మొహమాటపడకు. మాటను తొందరపెట్టకు. ఎదుటివాళ్ళు వాక్యం పూర్తి చేశాక ఒక్క క్షణం ఆగి అందుకో. నువ్వు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరైనా అడ్డొస్తే గొంతు పెంచకు, "ఒక్క నిమిషం, ఈ మాట పూర్తి చేస్తాను" అని అదే గొంతుతో చెప్పు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి మెట్రోలో మాట్లాడేవాళ్ళు ఎంత ఖరీదైన బట్టలు వేసుకున్నా నా కంటికి ఆనరు.

వాచ్‌మన్‌ను, మీ ఫ్లోర్ ఊడ్చే అమ్మను, క్యాబ్ డ్రైవర్‌ను మీరు అను. వయసులో పెద్దవాళ్ళను నువ్వు అని పిలిచే హక్కు మన జీతం మనకివ్వదు. "అన్నా" అన్నా సరే, "అమ్మా" అన్నా సరే, పిలుపులో మర్యాద ఉండాలి. మేనేజర్ ముందు ఒక గొంతు, ప్యూన్ ముందు ఒక గొంతు ఉన్న మనిషిని ఆఫీసు వారం రోజుల్లో పసిగడుతుంది. ఆ తర్వాత ఆ మనిషి ఎన్ని మార్చుకున్నా ఆ ముద్ర పోదు.

కొన్ని ప్రశ్నలు అడగకు. పెళ్ళెప్పుడు, పిల్లలు ఇంకా లేరా, జీతమెంత, ఎందుకు లావయ్యావు, కులమేంటి. మనవాళ్ళు ప్రేమతోనే అడుగుతున్నామనుకుంటారు, కానీ వినేవాళ్ళ గుండెలో ఏముందో మనకు తెలియదు. నిన్ను ఎవరైనా అడిగితే కోపం తెచ్చుకోకు. "కుదిరినప్పుడు మీకే ముందు చెబుతానండీ" అని నవ్వి, వాళ్ళ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో అడుగు. పెద్దవాళ్ళకు తమ ఆరోగ్యం గురించి అడిగేవాళ్ళంటే ఎంతో ఇష్టం, నీ పెళ్ళి సంగతి అప్పటికి మర్చిపోతారు.

హుందాతనమంటే అన్నిటికీ తల ఊపడమని మాత్రం అనుకోకు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి కథ నీకు తెలిసే ఉంటుంది. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్ళు. ఖాదీ ప్రదర్శన దగ్గర వాలంటీరుగా నిలబెట్టి టికెట్ లేనివాళ్ళను లోపలికి పంపొద్దన్నారు. నెహ్రూ గారు టికెట్ లేకుండా వస్తే ఆయన్నే ఆపేసింది. నిర్వాహకులు టికెట్ తెచ్చి ఇచ్చాకే లోపలికి వెళ్ళనిచ్చింది. అరిచిందీ లేదు, భయపడిందీ లేదు, తనకు అప్పగించిన పని చేసింది. ఆయన మెచ్చుకున్నారు. అదే అమ్మాయి 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. ఆమె ఫోటోలు ఒకసారి చూడు. ఖద్దరు చీర, నగలు లేవు. ఆ మొహంలో ఉన్న నిబ్బరం ఏ షాపులో దొరుకుతుంది చెప్పు? ఆఫీసులో కూడా ఏదైనా చెయ్యడం కుదరకపోతే "ఇది నావల్ల కాదండీ, ఈ తేదీకైతే ఇవ్వగలను" అని చక్కగా చెప్పు. సరేనని తలాడించి చివరి నిమిషంలో చేతులెత్తేయడం కంటే అది ఎంతో గౌరవం.

టీమ్ డిన్నర్లంటే టెన్షన్‌గా ఉందన్నావు. ఫోర్కు, కత్తి పట్టుకోవడం పది నిమిషాల్లో వచ్చేస్తుంది, దానికి నిద్ర పాడుచేసుకోకు. బయటి వైపు ఉన్న వాటితో మొదలుపెట్టి లోపలికి రావాలి. తెలియకపోతే పక్కవాళ్ళను అడిగెయ్, అడగడంలో తక్కువతనం ఏముంది? దోసె, రొట్టె చేత్తోనే తిను. మన బంతి భోజనాల్లో మర్యాద ఏదో అక్కడా అదే. ప్లేటులో పట్టినంత కాదు, తినగలిగినంత పెట్టుకో. పక్కవాళ్ళు ఇంకా తింటుండగా చెయ్యి కడుక్కోవడానికి లేవకు. వడ్డించినవాళ్ళ మొహం చూసి థ్యాంక్స్ చెప్పు. భోజనం దగ్గర ఫోన్ బ్యాగులో ఉండాలి, టేబుల్ మీద బోర్లా పెట్టినా అది నిన్ను పిలుస్తూనే ఉంటుంది. బిల్లు వచ్చినప్పుడు నీ వాటా ఎవరూ అడగకముందే పంపెయ్.

అప్పు తీసుకున్న డబ్బు, వస్తువు అడిగించుకోకుండా తిరిగిచ్చెయ్. స్నేహితురాలి చీర కట్టుకుంటే ఉతికించి, ఇస్త్రీ చేయించి ఇవ్వు. మీ అమ్మమ్మ పక్కింటివాళ్ళ గిన్నె ఎప్పుడూ ఖాళీగా పంపేది కాదు, నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి పంపేది. చెప్పిన టైముకు వెళ్ళు, ఆలస్యమైతే ఆలస్యం కాకముందే చెప్పు. నలుగురి ఫోటో పెట్టే ముందు నువ్వొక్కదానివే బాగా పడ్డ ఫోటో ఎంచకు, మిగతావాళ్ళను అడిగి పెట్టు. కొత్తగా కొన్నవన్నీ స్టేటస్‌లో పెట్టే అలవాటు చేసుకోకు. నీతో చదువుకుని ఇంకా ఉద్యోగం రాని పిల్లలు కూడా అవి చూస్తారు.

ఇవన్నీ ఒక్కసారి మీదేసుకోకు. ఈ నెల టైలర్ దగ్గరికి వెళ్ళు, మాటలో తొందర తగ్గించుకో. ఆ తర్వాత కూడా బ్యాగు కావాలనిపిస్తే కొనుక్కో. పేరు కనిపించేది కాకుండా తోలు మంచిది, కుట్టు గట్టిది చూసి, అప్పు చేయకుండా కొను. ఇఎంఐలో మాత్రం వద్దు.

నేను వచ్చే వారం మంగళగిరి వెళుతున్నాను. నీకు రెండు చీరలు తీసుకుంటాను, రంగులు నువ్వే చెప్పు. కానీ ఒకటైనా లేత రంగు ఉండాలి. నీకు సరిగ్గా కుదిరిన ఆది జాకెట్టు ఒకటి కొరియర్‌లో పంపు, పాతదైనా పర్వాలేదు. ఇక్కడే కుట్టించి చీరలతో పాటు పంపిస్తాను. చేతులు మోచేతి దాకానా, పొట్టిగానా అన్నది చీటీ మీద రాసి జాకెట్టుకు పిన్ను పెట్టు, ఫోన్‌లో చెబితే ఇద్దరం మర్చిపోతాం.

ప్రేమతో,
పెద్దమ్మ